లైనక్స్ స్క్రీన్ మీద గీతలు, మెరుపులు, నల్ల తెర: ఎవరికి ఏ గ్రాఫిక్స్ డ్రైవర్ సరిపోతుంది?

కావలిలో మా పెద్దమ్మ కొడుకు జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతాడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. అతని షాపులో ఉన్నవి నాలుగూ పాత సిస్టమ్‌లే, ఒక్కటి కూడా విండోస్ 11కి పనికిరాదు. అందుకని విండోస్‌కి బదులు నాలుగింటిలోనూ లైనక్స్ మింట్ 22 వేశాం. రెండు నెలలు బాగానే నడిచాయి. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఏంది తమ్ముడూ ఇది, ఒకదాంట్లో విండో జరిపితే దాని ముక్క అక్కడే ఉండిపోతోంది, ఒకటేమో నల్లగా అయిపోయి కదలట్లేదు, ఇంకోదాంట్లో వీడియో మధ్యకి చీలినట్టు కనపడుతోంది, నాలుగోదాంట్లో అన్నీ అడ్డగీతలే. నాలుగూ ఒకేసారి ఎట్టా పోతాయి?"

ఒంగోల్లో రైలెక్కి వెళ్లాను. సాయంత్రానికి తేలిందేంటంటే నాలుగింటికీ నాలుగు వేరే కారణాలు, నాలుగు వేరే జవాబులు. ఇది రాయడానికి కారణం కూడా అదే. స్క్రీన్ సమస్య అని ఎక్కడ అడిగినా "కంపెనీ డ్రైవర్ వేసెయ్, లేటెస్ట్‌ది వేసెయ్" అని ఒకటే మాట చెబుతారు. చాలామందికి ఆ సలహా పని చేస్తుంది. కానీ పాత గ్రాఫిక్స్ కార్డులున్నవాళ్లకి అదే సలహా నల్ల తెర తెచ్చి పెడుతుంది, మన దగ్గర షాపుల్లో, ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా పాత కార్డులే. కార్డు ఏ తరానిదో తెలియకుండా డ్రైవర్, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, ఎంచుకోవద్దు. మిగతా విషయాలన్నీ దాని తర్వాతే.

ముందు అది డ్రైవర్ సమస్యేనా?

గంటలు గంటలు డ్రైవర్లు మార్చి చివరికి కేబుల్ అని తేలినవాళ్లని చూశాను, అందుకే ఈ పని ముందు చేయండి.

గీతలు కనపడుతున్నప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకుని చూడండి. గీతలు ఫోటోలో కూడా ఉంటే బొమ్మ గీసే దగ్గరే తేడా జరుగుతోంది, అంటే డ్రైవర్ మీదో కార్డు మీదో అనుమానం. ఫోటో శుభ్రంగా ఉంటే బొమ్మ బాగానే తయారైంది, మానిటర్‌కి చేరే దారిలో పాడవుతోంది. కేబుల్, పోర్ట్, మానిటర్ చూడాలి. ఒక మినహాయింపు ఉంది. ల్యాప్‌టాప్‌లలో కరెంటు ఆదా కోసం స్క్రీన్ తనని తాను రిఫ్రెష్ చేసుకునే పద్ధతి ఒకటి ఉంటుంది, దానివల్ల వచ్చే మినుకులు డ్రైవర్ వల్లే అయినా స్క్రీన్‌షాట్‌లో పడవు.

రెండో పరీక్ష, సిస్టమ్ ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లి రెండు నిమిషాలు అట్టే ఉంచండి. అక్కడ లైనక్స్ లేదు, దాని డ్రైవర్ లేదు. అక్కడా గీతలు ఉన్నాయంటే ఏ డ్రైవర్ మార్చినా ఉపయోగం లేదు.

మూడోది, మింట్ పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే, బూట్ చేసి చూడటం. లైవ్‌లో బాగుండి హార్డ్‌డిస్క్‌లోంచి వస్తే పాడవుతుంటే మీరు వేసిన అప్‌డేటో డ్రైవరో కారణం. లైవ్‌లో కూడా అలాగే ఉంటే ఆ కార్డుకీ, లైనక్స్‌తో వచ్చే మామూలు డ్రైవర్‌కీ పొసగడం లేదని అర్థం.

కావలిలో అడ్డగీతలు వచ్చిన సిస్టమ్ స్క్రీన్‌షాట్ అద్దంలా ఉంది. బయోస్‌లో గీతలు ఉన్నాయి. ముందు రోజు ఊడవడానికి టేబుల్ జరిపారంట, వీజీఏ కేబుల్ స్క్రూలు వదులై ఉంది. బిగిస్తే పోయింది. నాలుగులో ఒకటి అట్టా తీరింది, కాసేపు ఆగకుండా డ్రైవర్ మార్చేసి ఉంటే బాగున్నదాన్ని చెడగొట్టేవాళ్లం.

ఎంచుకునే ముందు నాలుగు సంగతులు

కార్డు తరం మొదటిది. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొడితే వచ్చే జాబితాలో వీజీఏ అన్న మాట ఉన్న లైన్ చూడండి. అందులో చిప్ పేరు ఉంటుంది. డబ్బా మీద పేరుని నమ్మకండి, ఎందుకో కింద జీటీ 730 దగ్గర చెబుతాను.

రెండోది, ఆ సిస్టమ్‌తో మీరు చేసే పని. బ్రౌజర్, ప్రింటింగ్, లిబ్రేఆఫీస్ వరకే అయితే గ్రాఫిక్స్ వేగం మీకు అక్కర్లేదు, చెడిపోకుండా ఉండటం కావాలి. గేమ్‌లు, బ్లెండర్, వీడియో ఎడిటింగ్ చేయాలన్నా, ఎన్విడియా కార్డు మీద లెక్కలు చేయించే CUDA చదువుకోసం కావాలన్నా లెక్క మారిపోతుంది.

మూడోది, చెడిపోతే బాగుచేసేది ఎవరు. ఇది ఎవరూ అడగరు, నా దృష్టిలో వేగం కన్నా ఇది ముఖ్యం. కందుకూరు దగ్గర పల్లెలో అమ్మానాన్నల ఇంట్లో ఉన్న సిస్టమ్‌కి, బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్లో చెప్పి నల్ల తెర బాగుచేయించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

నాలుగోది, కెర్నెల్, అంటే లైనక్స్‌కి గుండె లాంటి ప్రోగ్రామ్. కంపెనీ డ్రైవర్, అంటే ఎన్విడియా తన కార్డులకి తనే ఇచ్చేది, కెర్నెల్‌లో భాగం కాదు, బయటి నుంచి వచ్చి అతుక్కునేది. కెర్నెల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ బిల్డ్ చేయాలి. డీకేఎంఎస్ అనేది ఆ పని దానంతటదే చేస్తుంది, కానీ ఆ కెర్నెల్‌కి తగిన హెడర్స్ ప్యాకేజీ (బిల్డ్‌కి కావాల్సిన ఫైళ్లు) లేకపోయినా, బిల్డ్ మధ్యలో కరెంటు పోయినా పని సగంలో ఆగుతుంది. మే నెలలో యూపీఎస్ లేకుండా కెర్నెల్ అప్‌డేట్ పెట్టకండి.

కార్డుని బట్టి ఎంపిక

పట్టికలో మొదటి ఆరు వరుసలూ ఎన్విడియా కార్డులవి, తరం అంటే చిప్ డిజైన్ పేరు. 470, 580 అన్నవి కంపెనీ డ్రైవర్ నంబర్లు. నూవో అంటే కెర్నెల్‌తోనే వచ్చే ఎన్విడియా డ్రైవర్, ఆన్‌బోర్డ్ అంటే విడి కార్డు లేకుండా సిస్టమ్‌లోనే ఉండే గ్రాఫిక్స్, మెసా అంటే లైనక్స్‌లో బొమ్మలు గీసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్.

| కార్డు | తరం | ముందు ఇది | కుదరకపోతే ఇది |
|---|---|---|---|
| జీఫోర్స్ 210, దాని తోటి పాతవి | టెస్లా | ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ | నూవో |
| 400, 500 సిరీస్, కొన్ని జీటీ 730లు | ఫెర్మి | ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ | నూవో |
| జీటీ 710, 600, 700 సిరీస్‌లో ఎక్కువ భాగం | కెప్లర్ | మామూలు పనికి నూవో | 470 డ్రైవర్, పాత కెర్నెల్‌తో |
| 750 టీఐ, 900, 10 సిరీస్, జీటీ 1030 | మ్యాక్స్‌వెల్, పాస్కల్ | 580 డ్రైవర్, ఓపెన్ అని లేనిది | ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ |
| 16, 20, 30, 40 సిరీస్ | ట్యూరింగ్, ఆ తర్వాతవి | కొత్త డ్రైవర్, ఓపెన్ అని ఉన్నది | కొత్త కెర్నెల్‌తో నూవో |
| 50 సిరీస్ | బ్లాక్‌వెల్ | ఓపెన్ అని ఉన్నది మాత్రమే | ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ |
| ఇంటెల్ ఆన్‌బోర్డ్ | | ఉన్నదే ఉంచాలి | చిన్న సెట్టింగ్ మార్పు |
| ఏఎండీ | | ఉన్నదే ఉంచాలి | కొత్త కెర్నెల్, కొత్త మెసా |

ఈ పట్టిక సరిపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ రెండో వరుస నుంచి ఐదో వరుస దాకా ఒక్కోదానిలో ఒక్కో చిక్కు ఉంది.

నూవో: నెమ్మది, కానీ కెర్నెల్‌తోనే వస్తుంది

నూవో అంటే ఫ్రెంచ్‌లో కొత్తది అని. ఎన్విడియా కార్డులు లోపల ఎలా పనిచేస్తాయో బయటి నుంచి పరిశీలించి, ఊహించి, పరీక్షించి స్వచ్ఛందంగా రాసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇది. 2010లో 2.6.33 కెర్నెల్‌లో చేరింది. అప్పటి నుంచీ కెర్నెల్‌లో భాగమే, అందుకే కెర్నెల్ మారితే ఇదీ దాంతో పాటే మారుతుంది, విడిగా బిల్డ్ చేయాల్సింది లేదు, సంతకం లేని డ్రైవర్లని ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా అడ్డు రాదు.

దీని బలహీనత వేగం. గ్రాఫిక్స్ కార్డు ఆన్ అవగానే తక్కువ క్లాక్‌లో మేలుకుంటుంది, పని పెరిగితే డ్రైవర్ దాన్ని పైకి లేపాలి, దీన్నే రీక్లాకింగ్ అంటారు. కెప్లర్ కార్డుల్లో, 750 టీఐ లాంటి మొదటి మ్యాక్స్‌వెల్ కార్డుల్లో దీన్ని చేత్తో పెంచుకోవచ్చు. 900 సిరీస్ నుంచి కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ ఉంటే తప్ప క్లాక్ పెంచే వీలు లేకుండా పోయింది, ఆ ఫర్మ్‌వేర్ నూవోకి దొరకలేదు. అందుకే జీటీఎక్స్ 1050 కార్డు నూవోతో నడిపితే, మంచి ఎద్దుకి కాళ్లు కట్టి దున్నమన్నట్టు ఉంటుంది. 16 సిరీస్ నుంచి మళ్లీ దారి తెరుచుకుంది. ఆ కార్డుల్లో జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఉంది, క్లాక్ సంగతి అదే చూసుకుంటుంది, దాన్ని వాడుకునే వీలు 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నెల్‌తో నూవోకి వచ్చింది. గేమ్‌లు వాడుకునే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతికి మెసాలో ఎన్‌వీకే అనే డ్రైవర్ కూడా దీనికి తోడైంది. గేమ్‌లలో ఇంకా కంపెనీ డ్రైవర్‌దే పైచేయి, కానీ డెస్క్‌టాప్ వాడకానికి అడ్డేమీ లేదు.

బ్రౌజర్‌లో మాత్రమే ముక్కలు ముక్కలుగా కనపడుతూ మిగతా డెస్క్‌టాప్ బాగుంటే నూవోని తప్పుపట్టి మార్చేయకండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి మళ్లీ తెరిచి చూడండి. వీడియోకి ప్రాసెసర్ కాస్త ఎక్కువ పనిచేస్తుంది, అంతే. ఫారాలు నింపి ప్రింట్ తీసే సిస్టమ్‌కి ఇది చాలా మంచి బేరం.

కంపెనీ డ్రైవర్: ఏ నంబర్ అన్నదే ముఖ్యం

ఎన్విడియా ఒక్కో తరానికి ఒక్కో దగ్గర గీత గీస్తుంది. టెస్లా కార్డులు 340 దగ్గర ఆగాయి, 2019 చివరితో దానికి అప్‌డేట్లు అయిపోయాయి. ఫెర్మి కార్డులు 390 దగ్గర, అది 2022 చివరితో. కెప్లర్ 470 దగ్గర, 2024 సెప్టెంబర్‌తో. మ్యాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకి 580 ఆఖరి బ్రాంచ్. ఆఖరి బ్రాంచ్ అంటే కార్డు పనిచేయడం మానేస్తుందని కాదు. కెర్నెల్ ముందుకి పోతూ ఉంటే డ్రైవర్ వెనకే ఉండిపోతుంది, ఏదో ఒక కొత్త కెర్నెల్ దగ్గర బిల్డ్ ఫెయిల్ అయ్యే రోజు వస్తుంది.

కావలిలో నల్లగా అయిపోయింది జీటీ 710 ఉన్న సిస్టమ్. దాంట్లో నేనే 470 వేశాను. తర్వాత అప్‌డేట్ మేనేజర్‌లో కొత్త కెర్నెల్ కూడా నేనే ఎంచి పెట్టాను, దానికి హెడర్స్ పడ్డాయో లేదో చూడలేదు. డ్రైవర్ మాడ్యూల్ (కెర్నెల్‌కి అతుక్కునే ముక్క) బిల్డ్ కాలేదు. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి, కంపెనీ డ్రైవర్ ప్యాకేజీ వేసినప్పుడు అది నూవోని లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెడుతుంది. కాబట్టి కంపెనీ డ్రైవర్ ఫెయిల్ అయితే నూవో వచ్చి ఆదుకోదు, ఇదీ లేక అదీ లేక మీకు నల్ల తెరో, పెద్ద పెద్ద అక్షరాల తక్కువ రిజల్యూషనో మిగులుతుంది.

అక్కడి నుంచి బయటపడే పద్ధతి చెబుతాను, ఇది ఎవరికైనా పనికొస్తుంది. సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు ఎస్కేప్ కీ, పాత బయోస్ అయితే షిఫ్ట్ కీ పట్టుకుంటే ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్ ఎంచండి. చాలాసార్లు డెస్క్‌టాప్ మామూలుగా వచ్చేస్తుంది. అది కూడా రాకపోతే పైన ఉన్న వరుస మీద ఇ కీ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని కలపండి, నో, మోడ్, సెట్ మూడు ముక్కలూ ఖాళీ లేకుండా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో. తర్వాత ఎఫ్10. తెర నెమ్మదిగా, పొగమంచులో ఉన్నట్టు వస్తుంది, కానీ వస్తుంది. కొంతమంది ఇలా వచ్చిన తెర చూసి సమస్య తీరిందనుకుని నెలల తరబడి నోమోడ్‌సెట్‌తోనే నడుపుతుంటారు. అలా వద్దు. అప్పుడు బొమ్మలన్నీ ప్రాసెసర్ గీస్తుంటుంది, కార్డు ఖాళీగా కూర్చుంటుంది. లోపలికి వెళ్లి డ్రైవర్ సరిచేయడానికే దాన్ని వాడండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఇలా అయితే రికవరీ మోడ్ మెనూలో విరిగిన ప్యాకేజీలు బాగుచేసే డీపీకేజీ వరుస ఉంటుంది, ముందు అది నడపండి.

జీటీ 710కి ఇప్పుడు రెండు దారులు. 470తో ఉండి కెర్నెల్‌ని పాతదాని దగ్గరే ఆపేయడం, లేదా 470 తీసేసి నూవోకి రావడం. ఆ సిస్టమ్‌లో చేసేది ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్‌టికెట్లు, కరెంటు బిల్లులు. నూవోకే వచ్చాం. అదే కార్డు మీద ఎవరైనా పిల్లవాడు పాత గేమ్ ఆడుకుంటుంటే 470 ఉంచి, మింట్ 22 మొదట వచ్చిన 6.8 కెర్నెల్ దగ్గరే ఉండమని చెప్పేవాణ్ణి.

ఇక జీటీ 730. ఒకే పేరుతో రెండు రకాల చిప్‌లు అమ్మారు, కొన్నిట్లో ఫెర్మి, కొన్నిట్లో కెప్లర్. ఎల్‌ఎస్‌పీసీఐలో జీఎఫ్108 అని వస్తే ఫెర్మి, జీకే208 అని వస్తే కెప్లర్. డబ్బా ఒకేలా ఉంటుంది, ఫ్యాన్ ఒకేలా ఉంటుంది, డ్రైవర్ మాత్రం వేరు. ఒక స్నేహితుడికి పనిచేసింది కదా అని మీరు 470 వేస్తే, మీది ఫెర్మి అయితే అది కార్డుని గుర్తించదు. ఫెర్మికి కావాల్సిన 390 ఉబుంటు అనే ఇంకో లైనక్స్ 24.04 వెర్షన్‌లో లేదు, మింట్ 22 దాని మీద కట్టిందే కాబట్టి అందులోనూ లేదు. ఎక్కడెక్కడి నుంచో ప్యాచ్ చేసినవి తెచ్చి వేసేవాళ్లున్నారు. షాపు సిస్టమ్‌కి అది వద్దని గట్టిగా చెబుతాను.

పేరు చివర ఓపెన్ అన్న మాట ఉన్నవీ, లేనివీ పక్కపక్కనే కనపడి చాలామంది తికమక పడతారు. ఎన్విడియా 2022లో తన కెర్నెల్ మాడ్యూళ్ల కోడ్ బయటపెట్టింది, ఓపెన్ అంటే అవి. ఇది నూవో కాదు, రెండూ వేరు. ట్యూరింగ్ నుంచి మొదలుకుని ఆ తర్వాతి కార్డులకే ఈ ఓపెన్ మాడ్యూళ్లు పనిచేస్తాయి. జీటీఎక్స్ 1050కి ఓపెన్ అన్నది వేస్తే తెర రాదు. 50 సిరీస్‌కి దానికి తిరగేసి, ఓపెన్ కానిది వేస్తే రాదు. ఈ ఒక్క మాట చూసుకుంటే సగం నల్ల తెరలు తప్పుతాయి.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న సిస్టమ్‌లో కంపెనీ డ్రైవర్ వేస్తే మధ్యలో ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీబూట్ అయ్యాక నీలం తెర వచ్చి, ఎంఓకే ఎన్‌రోల్ చేయాలా అని అడుగుతుంది, అక్కడ అదే పాస్‌వర్డ్ కొట్టాలి. కంగారుగా కంటిన్యూ నొక్కేస్తే డ్రైవర్ లోడ్ అవదు, ఎందుకు రాలేదో అర్థం కాక టెన్షన్ పడతారు.

కార్డు పీకేయడం

దీన్ని ఎవరూ ఎంపిక కింద లెక్క పెట్టరు, నేను మాత్రం పాత ఆఫీసు సిస్టమ్‌లకి మొదటి సలహాగా ఇదే చెబుతాను. పదేళ్ల కిందటి ఐ3 ప్రాసెసర్‌లోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నాయి, డెస్క్‌టాప్‌కీ, ఆఫీసు పనికీ అది చాలు. దానికి డ్రైవర్ కెర్నెల్‌లో, మెసాలో ఉంది. విడిగా వేయాల్సింది లేదు.

చూసుకోవాల్సినవి కొన్ని. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ లేవు, అప్పుడీ దారి మూసుకున్నట్టే. కార్డు తీసే ముందు కంపెనీ డ్రైవర్ ప్యాకేజీ తీసేయండి. తీశాక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు పోర్ట్‌కి పెట్టాలి. బయోస్‌లో మొదటి డిస్‌ప్లేగా ఆన్‌బోర్డ్ ఎంచాల్సి రావచ్చు. ర్యామ్‌లో కొంత భాగం గ్రాఫిక్స్‌కి పోతుంది, 4 జీబీ సిస్టమ్‌లో అది తెలుస్తుంది, 8 జీబీలో పట్టింపు లేదు. ఆన్‌బోర్డ్‌లో రెండు మానిటర్లకి సరిపడా పోర్ట్‌లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి, చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో అకౌంట్లకీ సీసీ కెమెరాలకీ రెండు తెరలు వాడతారు, అక్కడ ఈ ఒక్క కారణానికే కార్డు ఉంచాల్సి వచ్చింది.

కావలిలో విండో ముక్కలు అక్కడే మిగిలిపోతున్న సిస్టమ్‌లో ఉన్నది ఫెర్మి రకం జీటీ 730. కార్డు తీసి, కేబుల్ మార్చి, ఆన్ చేశాం. అయిదు నిమిషాల పని. అన్న నమ్మలేదు, "కార్డు పీకితే బాగవటం ఏంది" అని విండోలు అటూ ఇటూ లాగి చూసుకున్నాడు.

ఇంటెల్, ఏఎండీ వాళ్లకి

ఇక్కడ డ్రైవర్ మార్చడమంటూ పెద్దగా లేదు, సెట్టింగ్ మార్చడమే. ఏఎండీ కార్డులకి 2015లో వచ్చిన ఏఎండీజీపీయూ డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. కొత్త కార్డు కొని పాత ఉబుంటు మీద పెడితే గ్లిచ్‌లు వస్తాయి, దానికి మందు కొత్త కెర్నెల్, కొత్త మెసా. ఎన్విడియా పాత కార్డుల వాళ్లకి పాత కెర్నెల్ మేలు, ఏఎండీ కొత్త కార్డుల వాళ్లకి కొత్త కెర్నెల్ మేలు. అందుకే ఒకరికి పనిచేసిన సలహా ఇంకొకరికి చెప్పకూడదు.

ఇంటెల్‌లో రెండు ఫిర్యాదులు ఎక్కువ. ఒకటి ల్యాప్‌టాప్ తెర మినుకుమనడం. పైన చెప్పిన ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ వల్ల కావచ్చు. గ్రబ్‌లో ఐ915 డాట్ ఎనేబుల్ అండర్‌స్కోర్ పీఎస్‌ఆర్ ఈక్వల్ టు 0 (i915.enable_psr=0) అని పెడితే అది ఆగుతుంది, బ్యాటరీ కొంచెం ముందే అయిపోతుంది. ముందు గ్రబ్ మెనూలో ఇ నొక్కి ఒక్కసారికి మాత్రం పెట్టి చూడండి, తగ్గితేనే శాశ్వతంగా పెట్టండి.

రెండోది వీడియో చీలడం, టేరింగ్ అంటారు. చాలా చోట్ల ఇంటెల్ పాత ఎక్స్ డ్రైవర్ వేసి టేర్‌ఫ్రీ ఆన్ చేయమంటారు. పాత ఐ3, ఐ5 లలో అది పనిచేస్తుంది కూడా. కానీ ఆ డ్రైవర్ ఆఖరి విడుదల 2.99.917, 2014 డిసెంబర్ నాటిది. కొత్త ప్రాసెసర్ల మీద పెడితే టేరింగ్ పోయి అక్షరాలు చెదరడం మొదలవుతుంది. మింట్‌లో సినమన్ అనే డెస్క్‌టాప్ ఉంటే దానికన్నా ముందు జనరల్ సెట్టింగ్స్‌లో ఫుల్ స్క్రీన్ విండోలకి కంపోజిటింగ్ (విండోలన్నీ కలిపి ఒకే బొమ్మగా చూపించే పని) ఆపే స్విచ్ చూడండి. అది ఆన్‌లో ఉంటే ఫుల్ స్క్రీన్ వీడియోలో చీలిక వస్తుంది. కావలిలో మూడో సిస్టమ్‌కి ఇదే కారణం. అది అప్‌డేట్‌తో వచ్చింది కూడా కాదు, మొదటి నుంచీ ఉంది, మిగతావి చెడిపోయిన రోజు కంటికి ఆనింది.

ఎక్స్11 లో ఉండాలా, వేలాండ్‌కి పోవాలా

లైనక్స్‌లో విండోలని తెర మీద చూపించే పద్ధతులు రెండు, పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. లాగిన్ తెర దగ్గర సెషన్ మార్చి వీటిలో ఒకటి ఎంచుకోవడం అన్నిటికన్నా తేలికైన ప్రయత్నం, డ్రైవర్ ముట్టుకోకముందే చేసి చూడొచ్చు. టేరింగ్ సమస్య అయితే వేలాండ్ మంచిది. రెండు మానిటర్లకి రెండు రిఫ్రెష్ రేట్లు ఉన్నా వేలాండే. ఎన్విడియా కంపెనీ డ్రైవర్‌తో వేలాండ్‌లో విండోలు వెనక్కీ ముందుకీ ఎగిరినట్టు మెరవడం ఒకప్పుడు పెద్ద తలనొప్పి, 2024లో వచ్చిన 555 డ్రైవర్‌లో ఎక్స్‌ప్లిసిట్ సింక్ చేరాక అది చాలా వరకు పోయింది. 470 లాంటి పాత బ్రాంచ్‌లలో ఉన్నవాళ్లకి ఆ మేలు లేదు, వాళ్లు ఎక్స్11లోనే ఉండటం మంచిది.

డిస్ట్రో, అంటే ఏ రకం లైనక్స్ అన్నది, ఎంచుకునేటప్పుడు కూడా దీన్ని లెక్కలోకి తీసుకోండి. ఉబుంటు 25.10లో గ్నోమ్ డెస్క్‌టాప్‌కి ఎక్స్11 సెషన్ లేనే లేదు. మింట్ సినమన్‌లో మామూలుగా వచ్చేది ఎక్స్11, వేలాండ్ ఇంకా ప్రయోగం కిందే ఇచ్చారు. పాత కార్డు తీయలేనివాళ్లు మింట్‌లో ఉండటానికి నాకు ఇది ఒక్కటే చాలు. తెలుగు టైప్ చేసేవాళ్లు సినమన్ వేలాండ్‌కి మారితే ముందు తెలుగు లేఅవుట్ పనిచేస్తోందో లేదో కొట్టి చూసుకోండి. మొదట్లో అందులో కీబోర్డ్ లేఅవుట్లు, ఇన్‌పుట్ మెథడ్‌ల దగ్గరే లోటు ఉండేది.

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లు

ఇంజనీరింగ్ పిల్లల దగ్గర ఇప్పుడు ఎక్కువగా ఇవే, ఇంటెల్ లేదా ఏఎండీ లోపల, ఆర్‌టీఎక్స్ 3050 లాంటిది పక్కన. మా అన్న కూతురు నెల్లూరులో బీటెక్ చదువుతోంది, ఆ రోజు తనూ అక్కడే ఉంది. "బాబాయ్, హాస్టల్లో బానే ఉంటుంది, కాలేజీలో ప్రొజెక్టర్‌కి పెడితే మినుకుమినుకుమంటుంది" అంది.

చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి తెర ఇంటెల్‌కి కట్టి ఉంటుంది, హెచ్‌డీఎంఐ పోర్ట్ ఎన్విడియాకి కట్టి ఉంటుంది. బయటి తెర పెట్టగానే ఒకరు గీసిన బొమ్మ ఇంకొకరు తీసుకెళ్లాలి, నత్తినత్తిగా రావడం, మెరవడం అక్కడ పుడుతుంది. ఉబుంటులో, మింట్‌లో ప్రైమ్ అనే సెట్టింగ్‌తో మూడు పద్ధతులు ఎంచుకోవచ్చు. ఇంటెల్ మాత్రమే పెడితే బ్యాటరీ బాగా వస్తుంది, వేడి తగ్గుతుంది, కానీ హెచ్‌డీఎంఐ అసలు పనిచేయకపోవచ్చు. ఆన్ డిమాండ్ పెడితే అవసరమైనప్పుడే ఎన్విడియా లేస్తుంది, రోజువారీకి ఇదే. ఎన్విడియా మాత్రమే పెడితే బయటి తెర సాఫీగా ఉంటుంది, నెల్లూరు ఎండల్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోలేం. తనకి ఆన్ డిమాండ్ ఉంచి, సెమినార్ ఉన్న రోజు మాత్రం ఎన్విడియాకి మార్చి రీస్టార్ట్ చేయమన్నాను.

మూత వేసి తెరిచాక రంగురంగుల చెత్త కనపడేవాళ్లకి ఇంకో మాట. నిద్రలోకి పోయినప్పుడు కార్డు మెమరీలో ఉన్నది చెరిగిపోవడం వల్ల అది వస్తుంది. ఎన్విడియా డ్రైవర్‌లో వీడియో మెమరీని దాచిపెట్టే ఆప్షన్ ఒకటి ఉంది, ప్రిజర్వ్ వీడియో మెమరీ అలొకేషన్స్ అన్న పేరుతో, దాన్ని 1 చేసి, డ్రైవర్‌తో వచ్చే సస్పెండ్, రెజ్యూమ్ సర్వీసులు ఆన్‌లో ఉన్నాయో చూడాలి. దాచడానికి డిస్క్‌లో చోటు కావాలి, డిస్క్ నిండుగా ఉన్నవాళ్లు ముందు అది ఖాళీ చేసుకోండి.

బయల్దేరే ముందు నాలుగు సిస్టమ్‌లలోనూ టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ తీసిపెట్టాను. రేపు ఏ అప్‌డేట్‌తోనైనా తెర పోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అందులోనే ఉన్న టైమ్‌షిఫ్ట్ తెరిచి ఈ రోజుకి వెనక్కి తెచ్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్ క్యాష్ డ్రాయర్‌లో పెట్టి, దాని మీద తెలుగులో "తెర పోతే ఇది" అని కాగితం అంటించి ఇచ్చాను.